ముక్కుకు మాత్రం ప్రైమర్

రుచిత పెళ్ళి ముహూర్తం పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాలకు. పదిన్నరకు ఆమె చెంపల మీద మేకప్ పొట్టుగా లేవడం మొదలుపెట్టింది.

కంకిపాడు కల్యాణమండపం పై అంతస్తులో, పెళ్ళికూతురి గదిలో, శాలిని స్పాంజి పట్టుకుని నిలబడిపోయింది. అద్దిన కొద్దీ ఊడుతోంది. నోటుపుస్తకంలో పెన్సిల్ గీత చెరిపినప్పుడు రబ్బరు పొట్టు లేస్తుందే, అలా, చర్మం రంగుకు కలిపి వేసే ఫౌండేషన్ సన్నటి పోగులుగా చుట్టుకుని వచ్చేస్తోంది. బయట శ్రావణమాసపు వాన. కింద సన్నాయి. గౌరీపూజకు అమ్మాయిని తీసుకురమ్మని అప్పటికి రెండుసార్లు కబురు వచ్చింది.

మూడోసారి కబురు తెచ్చినవాడు పెళ్ళికూతురి అన్న హర్షవర్ధన్. తలుపు తోసుకుని లోపలికి వచ్చి, చెల్లెలి ముఖం చూసి, చెప్పాల్సింది మరిచిపోయాడు.

"ఏంటండీ ఇది?" అన్నాడు శాలినితో. "సున్నం రాలినట్టు రాలతంది. మీరు తయారు చేసేది పెళ్ళికూతుర్నా, పాత గోడనా?"

శాలిని తల తిప్పి చూసింది. పట్టుపంచె, నుదుట కుంకుమ, కళ్ళలో కంగారు. మనిషి ఎర్రగా కందిపోయి ఉన్నాడు.

"ఒక్క ఐదు నిమిషాలు అరవకుండా ఉంటే ఎందుకు రాలతందో చూస్తానండి."

"నేనేం అరవట్లేదు."

"అయితే మీ మామూలు గొంతే ఇంతనుకుంటా. కాస్త తగ్గించండి. మీ చెల్లెలు ఏడిస్తే కాటుక కూడా పోద్ది."

ఏడవడానికి సిద్ధంగా ఉన్న రుచితకు నవ్వు వచ్చేసింది. హర్ష నోరు మూశాడు.

ఎందుకు రాలుతోందో శాలినికి నిజానికి తెలుసు. మూడేళ్ళుగా ఆమె బెజవాడ మొగల్రాజపురంలో సింధూరి అనే ఆవిడ నడిపే బ్రైడల్ స్టూడియోలో పనిచేస్తోంది. సింధూరికి సొంత పేరుతో ఒక ప్రైమర్ ఉంది. మేకప్‌కి ముందు ముఖానికి రాసి, చర్మం మీది చిన్న చిన్న గుంటలు కనబడకుండా నున్నగా చేసే క్రీమ్ అది. అది రాయకుండా ఒక్క పెళ్ళికూతురు కూడా కుర్చీలోంచి లేవకూడదన్నది ఆ స్టూడియోలో రూలు. రుచితది పొడిబారే చర్మం, ఆమెకు ప్రైమర్ అక్కర్లేదు, మాయిశ్చరైజర్ సరిపోతుందని రెండు వారాల కిందట ట్రయల్ రోజునే శాలిని చెప్పింది. ప్యాకేజీలో ఉన్నది మానేయడానికి నువ్వెవరివని సింధూరి ఆ మాట అక్కడే తుంచేసింది. ఈ ఉదయం తన చేత్తోనే దట్టంగా ప్రైమర్ రాసి, దాని మీద ఫౌండేషన్ వేయమని శాలినికి వదిలి, తాను కిందికి వెళ్ళి మగపెళ్ళివారి ఆడవాళ్ళకు విజిటింగ్ కార్డులు పంచుతూ కూర్చుంది.

ఇప్పుడు గొడవ విని పైకి వచ్చింది. వెనకే పెళ్ళికొడుకు మేనత్తలు ఇద్దరు తలుపు దగ్గర చేరారు. సింధూరి రుచిత గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, స్కిన్ బాగా పాడైపోయిందని, ఆరు సిట్టింగుల ఫేషియల్ తీసుకోమంటే అమ్మాయి వినలేదని, అందుకే మేకప్ నిలవడం లేదని అందరికీ వినపడేలా చెప్పింది. మేనత్తలు ఒకరినొకరు చూసుకున్నారు. రుచిత తల దించుకుంది.

ఆ దించుకున్న తల చూశాక శాలిని ఊరుకోలేకపోయింది.

"రుచిత గారి చర్మానికి ఏమీ కాలేదు మేడమ్," అంది. "మనం రాసిన ప్రైమర్‌కీ, దాని మీద వేసిన ఫౌండేషన్‌కీ పడలేదు. ఒకటి సిలికాన్‌ది, ఇంకోటి నీళ్ళది. అది కూడా ఆరనివ్వకుండా వేశాం. తప్పు మనది. ఆవిడది కాదు."

సింధూరి గొంతు తగ్గించి, బయటికి నడవమంది. శాలిని కదల్లేదు. ముందు పెళ్ళికూతుర్ని కిందికి పంపిస్తానని, ఆ తరవాత ఎక్కడికి నడవమంటే అక్కడికి నడుస్తానని చెప్పి, హర్ష వైపు తిరిగింది.

"మీరు ఆ తలుపు బయట నుంచుని ఎవర్నీ రానివ్వకండి. పూజారి గారొచ్చినా సరే."

హర్ష సింధూరినీ మేనత్తలనూ బయటికి పంపి, తానూ వెళ్ళి తలుపు వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

శాలిని నూనెతో ముఖమంతా తుడిచేసింది. మాయిశ్చరైజర్ పలచగా రాసింది. తరవాత చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ పనంతట్లో కష్టమైనది అదే, అది చర్మంలోకి ఇంకేదాకా ఏమీ చేయకుండా కూర్చోవడం. కింద సన్నాయి మారింది, ఎవరో తలుపు కొట్టారు, హర్ష ఏదో సర్దిచెప్పి పంపించాడు. ఆరో నిమిషంలో లేచి ఫౌండేషన్ చాలా కొద్దిగా, వేలి చివరతో అద్దింది. పోగు లేవలేదు. గౌరీపూజ గబగబా కానిచ్చి పదకొండూ పదికి రుచిత పెళ్ళిపీటల వైపు నడుస్తుంటే ఆ మేనత్తల్లో ఒకావిడ, పిల్ల కళగా ఉందని పక్కావిడతో అంది.

పదకొండున్నరకు శాలిని ఉద్యోగం పోయింది. కార్లు పెట్టే చోట గొడుగు కింద నిలబడి సింధూరి చెప్పిందల్లా రేపటి నుంచి రావద్దని. శాలిని సరేనంది. తన బ్రష్షుల సంచి భుజాన వేసుకుని, వానలోనే బస్టాపుకు నడిచింది.

బస్సు రాలేదు కానీ, అరగంట తరవాత పట్టుపంచె మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో స్టీలు క్యారియర్‌తో హర్ష వచ్చాడు. పంచె అంచులు బురదయ్యాయి. జుట్టులో ఇంకా అక్షింతలు ఉన్నాయి.

"మీరు భోంచెయ్యకుండా వెళ్ళిపోయారని మా చెల్లి పంపించిందండి," అన్నాడు.

"మీ చెల్లెలు పీటల మీదుంటే ఎలా పంపించిందండీ?"

అతను కాస్త తడబడ్డాడు. "పీటల మీద నుంచే కళ్ళతో చెప్పింది."

శాలిని నవ్వలేదు. కారులో బెజవాడ దాకా దింపుతానంటే అక్కర్లేదంది. గొడుగు ఇస్తానంటే అప్పటికే తడిసిపోయానంది. ఉద్యోగం సంగతి వాచ్‌మన్ చెప్పాడని, తాను వెళ్ళి సింధూరి గారితో మాట్లాడతానని అంటే మాత్రం ఆమెకు నిజంగా కోపం వచ్చింది.

"నాకోసం ఎవరూ బతిమాలక్కర్లేదండి. తిరిగి రమ్మన్నా నేను వెళ్ళను. మీరు నా మీద అరిచినందుకు బాధపడతంటే సారీ చెప్పి వెళ్ళండి, చాలు."

హర్ష గొడుగు మడిచేశాడు. ఇప్పుడు ఇద్దరూ తడుస్తున్నారు.

"నాది ఇక్కడే సాయిల్ టెస్టింగ్ ల్యాబండి," అన్నాడు. "మట్టి చూడకుండా బస్తాలకి బస్తాలు యూరియా చల్లొద్దని రోజూ రైతులతో పోట్లాడతా ఉంటాను. అట్టాంటిది ఇవ్వాళ సంగతేంటో తెలుసుకోకుండా నేనే మీ మీద పడ్డాను. సారీ అండి."

"ఇందాక అరవలేదన్నారు."

"ఇందాక అబద్ధం చెప్పాను."

అప్పుడు నవ్వింది. అదే సమయానికి ఉయ్యూరు వైపు నుంచి బస్సు వచ్చింది. క్యారియర్ ఆమె చేతిలోనే ఉండిపోయింది. తిరిగి ఎలా ఇవ్వాలని మెట్ల మీద నుంచి అడిగితే, ఆ కష్టం మీకెందుకు, నేనే వచ్చి తీసుకుంటానన్నాడు హర్ష. ఏ ఇంటికని అడగలేదు. ఆమె చెప్పలేదు. బస్సు కదిలాక ఇద్దరికీ ఆ సంగతి తట్టింది.

అడ్రసు రుచిత ద్వారా దొరికింది. అయితే అతను వచ్చేసరికి శాలిని పరిస్థితి బాగా లేదు. గుణదలలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. తండ్రి జక్కయ్య ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ, తల్లి శౌరమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. శాలిని సొంతంగా మేకప్ మొదలుపెడతానని నలుగురికీ చెప్పుకుంది. రెండు పెళ్ళిళ్ళ వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. ఇంతలో సింధూరి తన వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒక మెసేజ్ పెట్టింది. పేరు రాయలేదు, కంకిపాడు పెళ్ళిలో ఒక అసిస్టెంట్ ప్రైమర్ మానేసి పెళ్ళికూతురి ముఖం పాడుచేసిందని, అటువంటి వాళ్ళతో జాగ్రత్త అని రాసింది. పేరు అందరికీ తెలిసిపోయింది. రెండు పెళ్ళిళ్ళ వాళ్ళూ వద్దన్నారు.

శౌరమ్మ భయపడింది. పెద్దవాళ్ళతో మనకెందుకు, వెళ్ళి ఒక మాట సారీ అనేసి రమ్మంది. శాలిని వినలేదు. ప్రైమర్ అవసరమా కాదా అన్నది నేను వీడియో తీసి చూపిస్తాను, ముఖానికి ఒక పక్క రాసి, ఒక పక్క మానేసి, రోజంతా తిప్పి చూపిస్తాను అంది. కానీ ఎవరి ముఖం? అడిగిన స్నేహితురాళ్ళంతా సింధూరికి భయపడ్డారు.

క్యారియర్ కోసం వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఈ మాటలు విన్న హర్ష, "నా ముఖం పనికొస్తదా అండి?" అన్నాడు.

శౌరమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. మగవాడికి మేకప్ ఏమిటి బాబూ అంది. కూచిపూడి వాళ్ళు మా వైపు వాళ్ళేనండి, మగాళ్ళు రంగేసుకోడం మాకేం కొత్త కాదని అతను జవాబు చెప్పాడు. శౌరమ్మకు ఆ జవాబు నచ్చింది. కానీ కుట్టుమిషను మాత్రం ముందు గదిలోకి, కుర్చీకి ఎదురుగా జరిపి కూర్చుంది.

మరుసటి ఆదివారం చర్చిలో పూజ అయ్యి తల్లీకూతుళ్ళు ఇంటికి వచ్చేసరికి అతను నున్నగా గడ్డం గీసుకుని గుమ్మం ముందున్నాడు. శాలిని ముఖం మధ్యలో కాటుక పెన్సిల్‌తో సన్నటి గీత గీసింది. ఎడమ పక్క ప్రైమర్, కుడి పక్క ఒట్టి మాయిశ్చరైజర్. తరవాత రెండు పక్కలా ఒకే ఫౌండేషన్. ఈసారి ప్రైమర్‌తో పడేదే తెచ్చింది, ఆరడానికి సమయం ఇచ్చింది. ప్రైమర్ ఓడిపోవాలని తూకం తగ్గించి కొలవడం తనకిష్టం లేదంది.

ఎంతోమంది ముఖాలకు మేకప్ వేసిన చెయ్యి. అయినా ఆ రోజు ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్ళు నెమ్మదించాయి. అతను కదలకుండా కూర్చున్నాడు, కళ్ళు మాత్రం ఆమె ముఖం మీదే.

"కళ్ళు మూసుకోండి," అంది.

"కళ్ళకేం వెయ్యట్లేదుగా?"

"మూసుకోండి. నాకు పని కుదరట్లేదు."

శౌరమ్మ మిషను ఆగిపోయింది. శాలిని ముఖం వేడెక్కింది. హర్ష బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. పెదవుల చివర నవ్వు మాత్రం మూతపడలేదు.

ఆ ముఖంతోనే అతను రోజంతా తిరిగాడు. వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది, ఉక్కపోత. కంకిపాడు నుంచి ఉయ్యూరు దాకా పొలాల్లో దిగి, గుడ్డసంచుల్లో మట్టి నింపుకుంటూ, గంటగంటకూ తన ముఖం ఫోటో తీసి పంపాడు. ఒక రైతు అతన్ని చూసి ఎక్కడన్నా నాటకమా అని అడిగాడట. ఇంకొకాయన నేరుగా, పెళ్ళి కుదిరిందా బాబూ అన్నాడట. ఈ రెండోది ఫోటోతోపాటు రాసి పంపాడు హర్ష. దానికి శాలిని, ముఖం తుడుచుకోకండి అని మాత్రం రాసింది.

సాయంత్రం నాలుగింటికి శాలిని అతని ల్యాబుకు వచ్చి, కిటికీ వెలుగుకు కూర్చోబెట్టి చూసింది. చెంపల మీద, నుదుటి మీద ఏ తేడా లేదు. ఎడమేదో కుడేదో చెప్పలేనంత. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ప్రైమర్ లేని పక్క ఫౌండేషన్ కరిగి, జిడ్డుగా మెరుస్తోంది. ప్రైమర్ ఉన్న పక్క నిలిచింది.

"ముక్కు సంగతి చెప్పకపోతే ఏం?" అన్నాడు హర్ష అద్దంలో చూసుకుని. "మిగతా ముఖమంతా మీ మాటే నెగ్గింది. ఈ కాస్త తీసేస్తే ఎవరికి తెలుసుద్ది?"

"ముక్కు కూడా ముఖంలోదేనండీ. అది దాచిపెడితే నాకూ మా మేడమ్‌కీ తేడా ఏముంది?"

హర్ష బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఫోన్ నిలబెట్టి వీడియో తీస్తున్నంతసేపూ బల్ల మీది మట్టిసంచులు సర్దుతున్నట్టు నిలబడ్డాడు. ఒక సంచి మీది చీటీ తీసి ఇంకొకదానికి కట్టి, తిరిగి విప్పి, మళ్ళీ మొదటిదానికే కట్టడం శాలిని చూసింది. అతని ధ్యాస సంచుల మీద లేదు.

వీడియోలో ఆమె ఎవరినీ తిట్టలేదు. ప్రైమర్ చెడ్డది కాదంది. జిడ్డు కారే ముక్కుకో, పెద్ద గుంటలున్న చెంపకో, గంటలకొద్దీ లైట్ల కింద ఉండేవాళ్ళకో అది పనికొస్తుందంది. పొడి చర్మానికి మాయిశ్చరైజర్ చాలంది. రాస్తే పలచగా రాసి ఆరనివ్వండి, దాని మీద వేసేది దానితో పడుతుందో లేదో ముందే మణికట్టు మీద చూసుకోండి అంది. "మీకు ప్రైమర్ కావాలా వద్దా అన్నది మీ చర్మాన్ని అడగండి. ప్యాకేజీని కాదు," అని ముగించింది. ముక్కును బాగా దగ్గరగా చూపించింది.

వీడియో నెట్‌లో పెట్టిన మొదటి రోజు కామెంట్లలో సగం వెటకారాలు. రెండో రోజు రుచిత రాసింది. తన పెళ్ళి ఫోటో పెట్టి, కంకిపాడు పెళ్ళికూతుర్ని నేనే, నా ముఖం ఎవరూ పాడుచేయలేదు, ముహూర్తం దాటిపోకుండా బాగుచేసింది ఈవిడే అని అత్తవారింట్లో కూర్చుని పేరుతో సహా రాసింది. వద్దన్న రెండు పెళ్ళిళ్ళ వాళ్ళూ ఆ వారమే తిరిగి ఫోన్ చేశారు.

సింధూరి కూడా చేసింది. వీడియో తీసేస్తే సీనియర్ ఆర్టిస్టుగా తీసుకుంటానంది. శాలిని నింపాదిగా అంతా విని, అందులో మీ పేరు లేదు కదా మేడమ్, మీకెందుకు ఇబ్బంది అని అడిగింది. సింధూరి ఫోన్ పెట్టేసింది. వీడియో అక్కడే ఉంది.

దసరాకు ముందు కూచిపూడిలో ఒక నాట్యగురువు తన శిష్యురాళ్ళు ఎనిమిదిమందికి మేకప్ వేయమని పిలిచింది. పగటిపూట ప్రదర్శన. సామాను ఎక్కువని హర్ష కారు తెచ్చాడు. ఎనిమిది ముఖాలనూ శాలిని ఒక్కొక్కటిగా పట్టి చూసింది. ముగ్గురికి ప్రైమర్ రాసింది, ఐదుగురికి మానేసింది. రెండు గంటలు ఆడి చెమటతో స్టేజి దిగిన పిల్లల ముఖాలు చూసి గురువు, వచ్చే కార్యక్రమానికి ఇప్పుడే చెప్పి ఉంచుతున్నానంది.

తిరుగుదారిలో పామర్రు దగ్గర జోరున వాన పట్టుకుంది. కారు ఆపి, టీ కొట్టు రేకుల కింద నిలబడ్డారు. రేకుల మీద వాన చప్పుడుకు పక్కన ఉన్నవాళ్ళ మాట కూడా వినపడటం లేదు. హర్ష ఏదో అన్నాడు. శాలినికి వినపడలేదు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ వినపడలేదు.

"కాస్త గట్టిగా చెప్పండి," అంది.

"గట్టిగా అంటే అరిచానంటారు."

"ఈసారికి అరవండి."

"నిన్ను పెళ్ళి చేసుకోవాలని ఉంది," అని అరిచాడు హర్ష. సరిగ్గా అప్పుడే వాన కాస్త తగ్గింది. టీ కొట్టు ఆయనా, బెంచీ మీద కూర్చున్న నలుగురూ గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు.

శాలినికి నవ్వాలో పారిపోవాలో తెలియలేదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చివరిదాకా తాగింది. కారెక్కాక చెప్పింది.

"నాకూ ఉంది. కానీ ముందే చెప్తన్నాను. నేను చర్చి మానను, మిమ్మల్ని గుడి మానమనను. పని మానను. నేనేం పని చేస్తానో మీ వాళ్ళ దగ్గర దాచి, మెల్లగా చెబుదామంటే కుదరదు. ఇవాళే చెప్పండి."

"ఇవాళేనా?"

"భయమా?"

"భయమే. అయినా చెప్తాను," అన్నాడు. "నువ్వు మాత్రం ఆ 'మీరు', 'అండీ' మానెయ్."

ఆమె ఆలోచించి, అది మీ నాన్నగారు ఒప్పుకున్నాక చూద్దామంది.

హర్ష తండ్రి వెంకటకృష్ణారావు ఒప్పుకోలేదు. ఎనిమిదెకరాల వ్యవసాయం, ధాన్యం వ్యాపారం, ఊళ్ళో మాట చెల్లే మనిషి. కులం, మతం సంగతి ఒక మాటలో తేల్చేశాడు. అంతకంటే ఎక్కువగా ఆయన్ని పొడిచింది పెళ్ళిరోజు సంగతి. నా కూతురి ముఖం మీద మేకప్ ఊడిందని వియ్యాలవారి ఎదట నోరు విప్పి చెప్పిన పిల్ల, రేపు నా ఇంటి గుట్టు ఎవరి దగ్గరైనా విప్పుతుందని ఆయన కోపం. దానికి తోడు ముఖాలకు రంగులేసే పని. హర్ష రోజూ చెప్పాడు. ఆయన రోజూ కాదన్నాడు.

పదిహేను రోజులు చూసి శాలిని ఒక ఉదయం తనే కంకిపాడు వెళ్ళింది. హర్షకు కూడా చెప్పలేదు. వరండాలో వెంకటకృష్ణారావు పేపరు చదువుతున్నాడు, పక్కన మంచం మీద ఆయన తల్లి రావమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆయన కూర్చోమనలేదు. శాలిని నిలబడే మాట్లాడింది.

"ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే నా ఉద్యోగం ఉండేదండి. కానీ మీ అమ్మాయి చర్మం పాడైపోయిందన్న మాట వాళ్ళ అత్తవారింటి దాకా వెళ్ళేది. నేను ఇంటి గుట్టు బయటపెట్టలేదు. మీ అమ్మాయి మీద పడబోయిన మాట ఆపాను. మీరు ఒప్పుకోకపోవచ్చు. అది మీ ఇష్టం. కారణం మాత్రం ఇది కాకూడదని చెప్పడానికి వచ్చాను."

ఆయన పేపరు దించలేదు. రావమ్మ మాత్రం చేటలో చేతులు ఆపింది. అసలు ఆ ప్రైమర్ అంటే ఏంటమ్మాయ్, మన గోడలకేసేదేనా అని అడిగింది. శాలిని మంచం పక్కన నేల మీద కూర్చుని, మామ్మగారూ అంటూ అదేమిటో, ఎవరికి కావాలో, ఎవరికి అక్కర్లేదో వివరంగా చెప్పింది. ఆ ముసలామె అన్నీ విని, తన చెంప చూపించి నాకు కావాలా అంది. అక్కర్లేదంది శాలిని. ఆమె తృప్తిగా తల ఊపి, చిక్కుళ్ళు ముందుకు జరిపింది. ఇద్దరూ కలిసి ఒలిచారు. వెంకటకృష్ణారావు ఆ అరగంటా పేపరులో ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

ఆయన అవుననలేదు. హర్ష, శాలిని రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇచ్చారు. మీ ఆశీస్సుల కోసం తలుపు తెరిచే ఉంచుతాం, కానీ దాక్కుని మాత్రం చేసుకోం అని చెప్పి, హర్ష తన తండ్రికి తేదీ, సమయం కాగితం మీద రాసి ఇచ్చాడు. ముప్పై రోజులు నోటీసు బోర్డు మీద ఇద్దరి ఫోటోలూ వేలాడాయి. ఊళ్ళో తెలిసింది, చర్చిలో తెలిసింది. గుణదలలో కొందరు శౌరమ్మతో మాట్లాడటం మానేశారు. ఆమె వాళ్ళ జాకెట్లు మాత్రం చెప్పిన తేదీకే కుట్టి ఇచ్చింది.

ఆ రోజు శాలిని తన మేకప్ తనే వేసుకుంది. గంధం రంగు పట్టుచీర. ఆఫీసులో జక్కయ్య, శౌరమ్మ సాక్షి సంతకాలు చేశారు. మూడో సంతకం అబ్బాయి తరఫున. దానికోసం రుచిత పెన్ను తీసుకోబోతుంటే గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. రావమ్మ. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కర్ర ఊతగా వేసుకుంటూ, నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది.

కారులో తెచ్చింది మీ నాన్నేనని, తీసుకురాకపోతే ఆటో ఎక్కి వస్తానన్నానని మనవరాలితో చెప్పింది. వాడు దిగడంట, కారులోనే ఉంటాడంట అంది. పెన్ను తీసుకుని కాగితం మీదికి వంగి, కళ్ళు చికిలించి, ఏమీ కనపడటం లేదంది. కళ్ళజోడు మర్చిపోయింది. వేలిముద్ర వేయవచ్చని గుమాస్తా అంటే, తనకు సంతకం వచ్చంది.

అందరూ ఆమె సంచి వెతుకుతుండగా వెనకనుంచి ఒక చెయ్యి కళ్ళజోడు అందించింది. వెంకటకృష్ణారావు. సీటులో వదిలేసి వచ్చావని తల్లితో అని, తిరిగి వెళ్ళబోయాడు.

రావమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దుతూ పేరు రాసింది. అది పూర్తయ్యేదాకా ఆయన అక్కడే ఆగిపోయాడు. గుమాస్తా కాగితం తన వైపు తిప్పుకుంటూ తలెత్తి, "మీరు అబ్బాయికి ఏమవుతారండీ?" అని అడిగాడు.

ఆయన కొడుకు వంక చూశాడు. శాలిని వంక చూశాడు. ఆమె చూపు దించలేదు, బతిమాలలేదు.

"తండ్రినండి," అన్నాడు.

గుమాస్తా తల ఊపి కాగితం మీద ముద్ర వేశాడు. ఆయన శాలిని వైపు తిరిగాడు.

"భోజనాలు ఎక్కడ పెట్టారమ్మాయ్?"

"ఎక్కడా పెట్టలేదండి," అంది శాలిని. "ఎంతమంది వస్తారో తెలియలేదు."

"పెళ్ళినాడు పస్తులుంటారా ఎవరన్నా," అన్నాడాయన, జక్కయ్య వైపు తిరిగి. "మీరూ, చెల్లెమ్మగారూ మా కారులో ఎక్కండి. వంటవాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేస్తన్నా. కంకిపాడు వెళ్ళేసరికి అన్నం ఉడుకుద్ది."